దేవుడి ముందు ఉంచిన నీళ్ళు

చీరాలలో ఓ పెంకుటింటి వరండా. వేసవి మధ్యాహ్నం. గాజుతొట్టెలో సముద్రపు నీళ్ళు, అందులో పగడపు కొమ్మ. పక్కన కామేశ్వరి, కనిగిరి నుంచి వచ్చిన ఆమె అన్నగారు లక్ష్మీనరసింహం.

"అక్కడ కాదన్నయ్యా, ఇంకా పైన. తెల్లబడిన చోటు దాటి, రంగున్న చోట కొయ్యి."

"జబ్బు కింద ఉంటే పైన కొయ్యడమేమిటే? బాగున్నదాన్ని ఎవరైనా కోస్తారా?"

"సరిగ్గా అంచు మీద కోస్తే జబ్బూ కొమ్మతోపాటే వచ్చేస్తుంది. కాస్త మంచి కండ పోయినా సరే, పైకే కొయ్యాలి. ఆయన అలాగే చేసేవారు."

"బావగారు కాలేజీలో జువాలజీ చెప్పారు. నేను బళ్ళో పద్యాలు చెప్పుకుని రిటైరైనవాణ్ణి. ఈ రంపపు బ్లేడు పట్టుకోవడం ఇదే మొదలు."

"ఉంగరం తియ్యి."

"ఏ ఉంగరం?"

"అదే, ఆ రాగిది."

"ఇది స్నానానికి కూడా తియ్యనే నేను. ఎందుకూ?"

"నీళ్ళలో చెయ్యి పెడితే జారిపోతుంది."

"పుష్కరాలకి కృష్ణలో మునిగితేనే జారలేదు, ఈ తొట్టెలో జారుతుందా?"

"తియ్యమన్నాగా."

"ఇన్నాళ్ళూ ఇదే చేత్తో నీళ్ళు పోశాను. ఒక్కనాడూ అనలేదు."

"ఇవాళ అంటున్నాగా."

"సరే, సరే. ఇదిగో, కిటికీలో పెట్టాను. దీనికి నొప్పి ఉంటుందంటావా?"

"ఏమో. ముట్టుకుంటే ముడుచుకుంటుంది."

"ముడుచుకుంటుందంటే ఉన్నట్టే. పాపం, భగవంతుడు దీనికి నోరివ్వలేదు."

"ఇచ్చాడు. కొమ్మ మీద ఆ చుక్కలున్నాయే, ప్రతి చుక్కా ఒక నోరే."

"అన్ని నోళ్ళిచ్చి అరుపు ఇవ్వలేదన్నమాట. పగడమంటే ఎర్రగా, కుజదోషానికి వేలికి పెట్టుకునేదనుకున్నాను. బావగారు మండపం ఊరి సముద్రం నుంచి దీన్ని తడి గోనెలో చుట్టుకుని రైల్లో తెచ్చినప్పుడు, 'ఇదేం పగడమండీ, అల్లం కొమ్ములా ఉందీ' అన్నాను. నెల్లాళ్ళు మాట్లాడలేదు నాతో."

"మాట్లాడకపోవడమేమిటి, నీ ఉత్తరాలు కూడా చదవలేదు. కోశావా?"

"తెగింది."

"ఆ చిన్న టబ్బులో పెట్టు. అందులో టింక్చర్ అయొడిన్ చుక్కలు వేసి ఉంచాను."

"మోకాలు చెక్కుకుపోతే రాసేదేనా?"

"అదే. కాసేపు ఉంచి, ఆ పెద్ద టబ్బులోకి మారుద్దాం. అవి ఉత్త సముద్రపు నీళ్ళు."

"నువ్వు అలా గోడకి ఆనుకో కాసేపు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందే?"

"కరెంటు ఉన్నంతసేపూ పడుకుంటాను. పోతే గాలి పంపు ఆగిపోతుంది. మళ్ళీ వచ్చేదాకా మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ కూచోవాలి. ఆయనున్నప్పుడు వంతులేసుకునేవాళ్ళం. ఇప్పుడు రెండు వంతులూ నావే."

"మరి నిద్ర పట్టేదెప్పుడు?"

"ఒక రాత్రి పట్టింది. నువ్వొచ్చిన కొత్తలో."

"ఆ తర్వాత?"

"లేదు."

"అందుకే కనిగిరి రమ్మంటున్నాను. మీ వదిన నీకోసం ముందు గది సర్ది పెట్టింది."

"మీ కనిగిరి నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి."

"పడితే పడనీ. నువ్వేమైనా నవ్వే మనిషివా?"

"అమ్మో, ఎంత మాట!"

"నవ్వావుగా ఇప్పుడు. చాలు."

"అక్కడ సముద్రం లేదన్నయ్యా."

"కొండ ఉంది."

"కొండతో ఇది బతకదు."

"నాకు తెలీదూ? ఇది ఉన్నన్నాళ్ళూ నువ్వు కదలవు. ఆయనకు మాటిచ్చావు."

"చెయ్యి పట్టుకుని అడిగారు. అప్పుడేమనను?"

"ఏమనగలం? పోనీ, ఇది దక్కలేదనుకో. అప్పుడు?"

"నీతో బస్సెక్కుతాను. ఇది ఉన్నంతవరకేగా ఆ మాట."

"రావాలని ఉందా నీకు?"

"ముక్క తీసి పెద్ద టబ్బులో పెట్టు. ఎక్కువసేపు మందులో ఉండకూడదు."

"పెట్టాను. ఈ నీళ్ళెక్కడివి? నేను తేర్చినవి కావే!"

"పొద్దున సుభానీ తన రిక్షాలో తెచ్చాడు. క్యాన్‌లోంచి నేనే నేరుగా పోశాను."

"ఆ చేపల కంపు క్యాన్‌లోంచి నేరుగానా? నన్ను పిలవకూడదూ?"

"పూజలో ఉన్నావు."

"కామేశ్వరీ, ఒక మాట చెబుతాను. కోప్పడకు."

"నాకు కోపానిక్కూడా ఓపిక లేదు. చెప్పు."

"బావగారి ఆబ్దికానికి వచ్చినప్పుడు ఇది నిక్షేపంగా ఉంది. నువ్వే చిక్కి సగమయ్యావు. ఆ రోజు ఇక్కడే నిలబడి, ఇది పోతే బాగుండును, మా చెల్లెలు బతుకుతుంది అనుకున్నాను."

"ముక్క నీళ్ళలో పూర్తిగా మునిగిందా, చూడు."

"విన్నావా?"

"విన్నాను."

"వారం తిరక్కుండా మొదట్లోంచి కండ ఊడటం మొదలైంది. లోపల తెల్లగా ఎముక కనబడుతుంటే నాకు అన్నం సయించలేదే. పైకి అనలేదు గానీ, అనుకున్నది నేనే కదా. దేవుడి ముందు లెంపలు వేసుకున్నాను."

"అనుకుంటే ఊడిపోదన్నయ్యా."

"అది నువ్వనే మాట. నా మనసు ఒప్పుకోవద్దూ? అంతకుముందు నా రాగి బిందెతోనే నీకు సాయంగా నీళ్ళు పోశాను. అప్పట్నుంచీ ప్రాయశ్చిత్తంగా పోస్తున్నాను. వాడరేవు సముద్రం నుంచి నీళ్ళు రాగానే మడిగా రాగి బిందెలో నింపి, రాత్రంతా దేవుడి ముందు ఉంచి, పొద్దున్నే విష్ణుసహస్రనామం చదివి మరీ పోస్తున్నాను. అయినా ఊడుతూనే ఉంది. ఎంత ఎక్కువ పోస్తే అంత ఊడుతోంది. చెడు తలపు నాదైతే శిక్ష నాకు వెయ్యాలి గానీ, అరవడం కూడా రానిదానికి వెయ్యడమేమిటి? ఇదేం న్యాయం అని ఆయన్ని అడిగాను కూడా."

"ఎవర్ని?"

"ఇంకెవర్ని? గూట్లో ఉన్నాయన్ని. పలకడు. నేను కళ్ళకద్దుకునే బిందె అది, చింతపండు పెట్టి ఎంత తోమినా మర్నాటికి లోపలంతా పచ్చగా చిలుము. ఈ చేతుల నీళ్ళు ఆయనకు ఇష్టం లేదేమో అనిపిస్తోంది."

"అలా అనకు."

"అందుకే నిశ్చయించుకున్నాను. రేపట్నుంచి సహస్రం రెండు పూటలా చదువుతాను. నీళ్ళు రెండు బిందెలు..."

"వద్దు."

"నాకేం శ్రమ కాదే. ఒంటిపూట ఉపవాసం కూడా..."

"వద్దన్నయ్యా. నీకు దణ్ణం పెడతాను, వద్దు."

"ఏడుస్తావెందుకే? ఏమైంది?"

"టబ్బులోకి చూడు."

"ఏముంది? ముక్క ఉంది... ఇదేమిటి, చుట్టూ నూగులా వస్తోంది?"

"నోళ్ళు తెరుస్తోంది. ఆ తొట్టెలో తెరవడం మానేసి ఎన్నాళ్ళయిందో."

"బతికే ఉందే! కోసినా బతికే ఉంది! నారాయణా! అయొడిన్ మందు గట్టిదే."

"మందు కాదు. తొట్టెలో నీళ్ళన్నీ తోడి పారబోద్దాం. సుభానీని మళ్ళీ పంపి క్యాన్లలోనే తెప్పిద్దాం. క్యాన్‌లోంచే పోద్దాం. బిందె తగలనివ్వకు."

"ప్లాస్టిక్‌లో మడేముంటుందే?"

"మడి ఉండదు. రాగీ ఉండదు."

"రాగికేమొచ్చింది? తీర్థం ఇచ్చేది రాగి పాత్రలోనేగా."

"ఉప్పునీళ్ళలో రాగి కరుగుతుంది. ఆ చిలుము అదే. మనకేం కాదు గానీ, దీనికి విషం. ఆయన రాగి చెంబును ఈ వరండాలోకి రానిచ్చేవారు కాదు."

"అంటే... అంటే, నేనేనా? సహస్రం చదివి చదివి నేను పోసింది..."

"కూర్చో. ముందు కూర్చో అన్నయ్యా."

"రామ రామ. ఉంగరం అందుకా తియ్యమన్నావు?"

"అందుకే."

"తెలియక చేశానే. ఆ పైవాడికి తెలుసు, నేను తెలియకే చేశాను."

"తెలుసు. నీ తప్పేం లేదు."

"పోనీలే, ఇవాళైనా నీకు గుర్తొచ్చింది. ఈ అలసటలో నువ్వు మాత్రం ఎన్నని గుర్తుపెట్టుకుంటావు?"

"గుర్తు రాకపోవడం కాదు."

"మరి?"

"నువ్వు మొదటి బిందె ఎత్తి పోసిన పొద్దున నేను ఈ తలుపు దగ్గరే నిలబడి చూశానన్నయ్యా. నాకు నిద్రపట్టింది ఆ రాత్రే."