ఒక సంతకానికి తానే జవాబుదారీ అయిన పరీక్షకులు శ్రీ వీరవెంకటరమణ గారు

1992 జూలై 6వ తేదీన తాడేపల్లిగూడెంలోని ఒక వాహన కాలుష్య పరీక్షా కేంద్రంలో సహాయ పరీక్షకులుగా శ్రీ వీరవెంకటరమణ గారు ఉద్యోగంలో ప్రవేశించారు. అత్తిలిలో కిరాణా వర్తకం చేసుకునే కుటుంబంలో పుట్టిన ఆయనకు కొలతలో తేడా వస్తే అన్నం సహించేది కాదు.

2003లో పదోన్నతిపై ఏలూరు వచ్చారు. పాత పెట్రోలు వాహనాలలో ఆక్సిజన్ సెన్సార్ క్షీణిస్తే ఇంజనుకు తప్పుడు సమాచారం చేరి, అది అవసరానికి మించి పెట్రోలు తాగుతుందనీ, రంగూ వాసనా లేని ప్రాణాంతక వాయువు అధికంగా వెలువడుతుందనీ యజమానులకు ఓపికగా బోధించేవారు.

2016 ఆగస్టులో గణపవరం వాస్తవ్యులు సుందరరావు గారి పాత పెట్రోలు వ్యాను ఉదయం పరీక్షలో తప్పి, మధ్యాహ్నం నెగ్గింది. తుప్పుపట్టిన పొగగొట్టానికి తళతళలాడే సెన్సార్ చూసి రమణగారికి అనుమానం కలిగింది.

"ఇది కొన్నారా, అరువు తెచ్చారా అండీ?"

"కొన్నానండీ. మా ఆవిడను వారంవారం ఏలూరు ఆస్పత్రికి తీసుకురావాలండీ. కాస్త కాగితం ఇచ్చెయ్యండి."

బయట వాహనాల వరుస పెరుగుతోంది. ఆయన సంతకం చేశారు.

తొమ్మిదో రోజున కొల్లేరు నీరు రోడ్డెక్కి, ఏలూరు ఆస్పత్రికి వచ్చే దారిలో వాహనాలు నిలిచిపోయాయి. జోరువానలో అద్దాలు మూసి, భార్య కెజియా గారికి ఉక్క పోయకూడదని ఏసీ వేసి, ఇంజను ఆపకుండా సుందరరావు గారు దారి చూసిరావడానికి దిగారు. గంట తర్వాత తిరిగివచ్చేసరికి ఆమె ప్రాణం పోయింది. పొగగొట్టానికి చిల్లు పడి, ఆ వాయువు వ్యాను లోపలికి చేరింది. సెన్సార్ స్థానంలో మళ్లీ పాతదే ఉంది.

మరునాడు రమణగారు గణపవరం వెళ్లారు. సుందరరావు గారు తల ఎత్తలేదు.

"మీతో అబద్ధం ఆడానండీ."

"నేను నమ్మలేదండీ. నమ్మినట్టు సంతకం పెట్టాను."

యంత్రం చూపిన అంకె సక్రమమే కనుక విచారణలో ఎవరూ ఆయనను వేలెత్తి చూపలేదు. అయినా తన అనుమానాన్ని తానే చెప్పి, వాంగ్మూలంలో రాయించుకున్నారు. ఆపై రావలసిన పదోన్నతి రాలేదు. ఆయన అడగనూ లేదు. ఒకసారి తప్పిన ప్రతి పాత వాహనాన్నీ పక్షం తర్వాత మరల పిలిపించి, కిందికి దూరి సెన్సార్‌నూ గొట్టాన్నీ స్వయంగా చూసేవారు. విసుక్కున్నవారు, పైవారికి అర్జీలు పెట్టినవారు అనేకులు. ఉద్యోగం చివరి రోజు వరకూ ఆయన ఆ పద్ధతి విడువలేదు.

ఆ మరణాన్ని మరచిపొమ్మని ఆయనకు చెప్పగల ధైర్యం సహోద్యోగులలో ఎవరికీ లేదు. నేటి పదవీ విరమణ అనంతరం సతీమణి శ్రీమతి చంద్రావతి గారి సాహచర్యంలో శ్రీ వీరవెంకటరమణ గారు పూర్ణాయుష్కులై, ఆరోగ్యవంతులై ఉండాలనీ, ఆ బరువును ఇకనైనా ఒంటరిగా మోయకూడదనీ ఈ కార్యాలయం మనసారా కోరుకుంటున్నది.