పన్నెండు వాట్ల గొట్టం

“చిన్నతాతా, ఒకాయన ఇంట్లో సినిమా హాలు మాదిరి స్పీకర్లు బిగించమని నాకు పని ఇచ్చినాడు. నెల్లూరు అంగట్లో రెండు రకాలు చూపించినారు. ఒకటి రెండొందల వాట్లు, ఇంకోటి ఐదొందలు. ఐదొందలదే మంచిది గదా? నువ్వు ఒకప్పుడు మన ఊరికి మైకు సెట్టు తెచ్చినావంట.”

ఎవురు చెప్పినారు నీకు, మీ నాయనా? మీ అవ్వ అయితే చెప్పి ఉండదులే. ఆమె ఆ మాటే ఎత్తేది కాదు. కూర్చో అమ్మణ్ణీ, ఆ మంచం మీద వద్దు, నులక సడలిపోయుండాది, ఇట్ట అరుగు మీద కూర్చో.

ఐదొందలు రెండొందల కంటే పెద్దది. నిజమే. నేనూ అట్నే లెక్కేసినా. నీ మాదిరే ఉరుకులాడతా ఉంటి ఆ వయసులో. ఇరవై రెండేండ్లు. ఎనిమిదో క్లాసు దాకా చదివింది మా పట్టపోళ్ల, అదే చేపలు పట్టే మావోళ్ల ఇండ్లలో నేనొక్కడినే. వేలంలో చేపల తట్టలు పోతావుంటే కాగితం లేకుండా నోటితో కట్టి చెప్పేవాణ్ణి. మీ తాత, అదే మా అన్న పోలయ్య, నన్ను “ఎనిమిదో క్లాసు కలెక్టరు” అనేవాడు. ఎగతాళే అది, అయినా పదిమందిలో అనేటప్పుడు ఆయన మొకంలో ఒక మురిపెం ఉండేది.

అప్పటికి నయాపైసలొచ్చి ఐదారేండ్లయింది. బస్సులో కండక్టరు పైసలు అడుగుతాడు, మేము అణాలు చెప్తాము, ఆయన తిడతాడు. విడవలూరు దాకా నడక, ఆడ బస్సు. నెల్లూరుకి ఆరణాలో ఏడణాలో... కాదు, ఏడణాలు తర్వాత. సరే, అది కాదు గదా నేను చెప్తా ఉండేది.

నేను మైకు తెచ్చినదానికి ముందేడు కార్తీకంలో గాలివాన కొట్టింది. పక్క ఊరోళ్లు నలుగురు పోయినారు. రేడియోలో పొద్దన్నే చెప్పినారంట, గాలి వస్తా ఉండాది, సముద్రం మీదికి పోబాకండి అని. రేడియో ఉండేది కరణం ఇంట్లో. సముద్రం మీద ఉండేవోడికి ఎట్ట తెలుస్తాది? అప్పుడు మా పెదకాపు, అంటే మా కులానికి పెద్ద, అందరినీ ఒడ్డున కూర్చోబెట్టి చెప్పినాడు. దినామూ పట్టిన చేపల్లో ఒక పాలు గంగమ్మ పేరన తీసిపెడతాము గదా, ఆ డబ్బుతో రేడియో, మైకు సెట్టు కొందాము. కబురు తెలిసినప్పుడు ఒడ్డునించి అరిస్తే తెప్పల మీదోళ్లకు ఇనబడాల. దానికోసరమే సుమా. పాటల కోసరం కాదు. తెచ్చే పని నాకు అప్పజెప్పినారు.

అప్పటిదాకా ఏం చేసేవోళ్లమంటావేమో. ఒడ్డున ఎప్పుడూ ఎండు తాటాకుల కుప్ప ఉండేది. దానికి వంతులు. వానకు తడవకుండా పైన మట్టలు కప్పడం, తడిస్తే మార్చడం. గాలి తిరిగితే అది అంటించి, పైన పచ్చాకు వేస్తే పొగ నిలువునా లేస్తాది. పొగ చూస్తే ఎవురైనా సరే వల వదిలేసి తెప్ప తిప్పాల. అది కట్టుబాటు.

నెల్లూరులో ట్రంకురోడ్డు మీద ఒక మైకుల సాయిబు ఉండేవాడు. మంచి మనిషి. రెండు చూపించినాడు. ఒకటి గొట్టం, రేకుది, ఉమ్మెత్తపువ్వు మాదిరి, పన్నెండు వాట్లు. ఇంకోటి కొయ్య పెట్టె, నా భుజం ఎత్తు, లోపల రెండు పెద్ద అట్ట స్పీకర్లు, ముందర బంగారు రంగు గుడ్డ, ఇరవై ఐదు వాట్లు. ఖరీదు ఇంచుమించు ఒకటే. సాయిబు చెప్పినాడు, “అబ్బయ్యా, సముద్రానికైతే గొట్టమే, గొంతును ఒక దిక్కుకే విసురుతాది. పెట్టె కచేరీకి.” నేనేమనుకుంటి? గొట్టం పాతది, అమ్ముడుపోక నాకు అంటగట్టతా ఉండాడు అనుకుంటి. ఇరవై ఐదుని పన్నెండుతో భాగిస్తే రెండింతలు, పైన ఒకటి మిగులు. ఇంతకంటే లెక్కేముండాది?

సాయిబు నా మొకం చూసి నవ్వినాడు. “రెండూ తీసకపో. నాలుగు దినాలు పెట్టి ఇనండి, వద్దన్నది తెచ్చెయ్” అన్నాడు. ఎవురిస్తారు అట్ట ఈ కాలంలో?

కొన్న రేడియో, ఆ రెండూ బండిలో వేసుకొని వచ్చినాము. తీరం మీద ఇసకలో పెట్టి, లారీ బ్యాటరీ తగిలించి, రేడియోలో పాట వస్తా ఉంటే ముందు గొట్టానికి ఇచ్చినా. గొరగొరమని, తగరం డబ్బాలో గులకరాళ్లు ఏసి ఊపినట్టు. మీ అవ్వ అప్పుడు కొత్త కోడలు, రెండేండ్లు కూడా కాలేదు, మీ నాయన కడుపులో ఉండాడు. ముందర కూర్చోనుండాది. “ఏంది మరిదీ ఇది, అత్త కోడల్ని తిట్టినట్టుండాది” అనింది. మా అమ్మ పక్కనే. అందరూ ఒకటే నవ్వు. తర్వాత పెట్టెకు మార్చినా. అమ్మణ్ణీ, ఆ స్వరం ఇప్పటికీ చెవిలో ఉండాది. పాడే మనిషి ఊపిరి తీసుకుండేది కూడా తెలుస్తా ఉండాది. ముసిలోళ్లు తలగుడ్డ తీసేసి ఇన్నారు. ఇంక ఎవురన్నా గొట్టం కావాలంటారా?

మా అన్న ఒక్కడే అన్నాడు. ఆయన వెనక నిలబడి వల ఆరేస్తా ఉండాడు. “తమ్ముడా, మనం ఇసకలో కూర్చొని ఇంటే ఏమొస్తాది? ఇనాల్సింది ఆడ” అని సముద్రం చూపించినాడు. “నేను తెప్పేసకపోతా. నువ్వు ఒకసారి దాన్నీ ఒకసారి దీన్నీ మోగించు. ఇనబడినంతసేపు గుడ్డ ఊపతా. గుడ్డ ఆగిపోతే అర్థం చేసుకో.”

నాకేమో పదిమందిలో చిన్నతనమైనట్టనిపించింది. “అన్నా, ఇరవై ఐదంటే పన్నెండుకు రెట్టింపు. గొట్టం అర మైలు పోతే ఇది మైలు పోతాది. లెక్కకు తెప్ప ఎందుకు?” అన్నా.

“అంకెలు నీ నోట్లో ఉండాయిరా. చెవులు మావి గదా” అన్నాడు. అంతే. ఇంక మాట పెంచలేదు. ఆయన ఎప్పుడూ అంతే, ఒకసారి చెప్తాడు, రెండోసారి చెప్పడు. రెండోసారి చెప్పుంటే నేను ఇనేవాణ్ణేమో. ఏమో, ఇనేవాణ్ణి కాదేమో కూడా.

మరుసటి దినమే గొట్టం సాయిబుకు తిరిగిచ్చేసినా.

పెట్టెను కొబ్బరిచెట్టుకు కట్టినాము, పైన రేకు కప్పినాము. ఆ ఏడంతా ఊరు తిరనాళ్ల మాదిరి ఉండాది. పక్క ఊళ్లనించి వచ్చి కూర్చొని పోయేవోళ్లు. ఆడోళ్లు చేపలు ఎండబెట్టే పనంతా ఆ చెట్టు కిందికే తెచ్చుకున్నారు. ఇంకొకటి జరిగింది, అది ఎవురూ గుర్తు పెట్టుకోలేదు. తాటాకుల కుప్పకు వంతులు ఆగిపోయినాయి. మైకు ఉండాది గదా, పొగ ఎందుకు అనుకున్నారు. కాదు, అనుకున్నారని వాళ్ల మీద ఎందుకు పెట్టాల. నేనే అన్నా ఆ మాట, పెదకాపు ముందర.

మళ్లా కార్తీకం వచ్చింది. పదకొండు తెప్పలు లోపల ఉండాయి ఆ పొద్దు. మబ్బు ఉండాది గానీ గాలి పెద్దగా లేదు, తూర్పునించి సన్నగా తోలతా ఉండాది. మధ్యాహ్నం వార్తల్లో చెప్పినారు. గాలి దిక్కు మార్చుకొనింది, సాయంత్రానికి మన ఒడ్డు మీదికి వస్తాది అని. నేను మైకు తీసుకొని పిలిచినా. పేరుపేరునా పిలిచినా. తెప్పలు కనిపిస్తానే ఉండాయి, అల లేచినప్పుడు నల్లంగా చుక్కలు. ఒక్క చుక్క కూడా తిరగలేదు.

పెంచినా. ఇంకా పెంచినా. నా చెవులు పగిలిపోతా ఉండాయి, ఊరోళ్లు చెవులు మూసుకున్నారు. ఆడ మాత్రం ఏమీ లేదు. ఆఖరుకు శబ్దం పెంచే బిళ్ల తిప్పేంత తిప్పేస్తే లోపల అట్ట చిరిగింది. ఇంక కీచుమని ఒక శబ్దం, అంతే.

పొగ పెట్టండి అని ఎవురో అరిచినారు. కుప్ప ఏది? అడుగున ఉండే నాలుగు ఆకులు కుళ్లి నీళ్లు కారతా ఉండాయి. ఇండ్ల కప్పులు పీకినాము. మా అమ్మ తన ఇంటి కప్పే ముందు పీకింది. అది అంటుకొని పొగ లేచేసరికి గంట పైనే పట్టింది. అప్పటికి గాలి లేచేసింది, పొగ నిలబడలేదు, నేలబారున ఊరి మీదికి కొట్టుకొచ్చింది. దగ్గరగా ఉండే ఎనిమిది తెప్పలోళ్లు పొగ చూసినారు, వచ్చినారు. ఆఖరు తెప్ప ఒడ్డు తగిలేసరికి సముద్రం గోడ మాదిరి లేస్తా ఉండాది.

మూడు రాలేదు. మనుషులు ఏడుగురు. మీ తాత తెప్ప మొద్దుల్లో ఒకటి మూడో దినం జువ్వలదిన్నె పక్కన ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆయన రాలేదు.

ఊరు నన్ను ఒక మాట అనలేదు. అదే నాకు అన్నం సహించకుండా చేసింది. అందరూ గాలివాన అన్నారు, రాత అన్నారు. నాకు మాత్రం ఒకటి తెలుసుకోవాలనిపించింది. ఆ గొట్టం ఉండుంటే ఇనబడేదా, లేదా? ఇనబడేది కాదని తేలితే నేను నిద్రపోతాను. అందుకే అమ్మణ్ణీ, ఊరి మేలు కోసరం కాదు, నా కోసరమే నెల్లూరు పోయినా. సాయిబు గొట్టం ఇచ్చినాడు, ఏమీ అడగలేదు. పెదకాపుతో చెప్పినా. ఆయన, “సరే. ఇనబడితే ఉంచుకుందాము. ఇనబడకపోతే తిరిగిచ్చేసి, పాత పొగే నమ్ముకుందాము. నువ్వే పోయి ఇని రా” అన్నాడు.

ఆ పొద్దులాగే తూర్పు గాలి సన్నగా తోలే దినం చూసుకున్నాము. ఒడ్డున మైకు పట్టుకొని ఎవురు పిలవాల? అప్పుడు మీ అవ్వ వచ్చింది. చంకలో నెలల బిడ్డ, మీ నాయన. “నేను పిలుస్తా” అనింది. ఎవురూ వద్దనలేకపోయినారు.

నేను, ఇంకొకడు, తెప్పేసుకొని పోయినాము. మా అన్న వలేసే చోటు నాకు తెలుసు. మా గురుతులన్నీ ఒడ్డు మీదే గదా. మొండి తాడిచెట్టు, సరుగుడు తోపు చివర, రెండూ ఒకే గీత మీదికి వస్తే అదీ ఆయన చోటు. ఎనిమిది బారల లోతు. ఆ గీత మీదికి వచ్చేదాకా నేను చెవులు మూసుకున్నా. నిజం చెప్తా ఉండా, అరచేతులతో గట్టిగా మూసుకున్నా. తెడ్డు నాతో వచ్చినవోడే వేసినాడు. గీత కలిసింది. చేతులు తీసినా.

మా ఇండ్లలో ఆడోళ్లు మొగుడి పేరు పలకరు. చచ్చినా పలకరు. రేషను కార్డు రాసేవోడు అడిగినా పక్కనోళ్లు చెప్పాల. ఆమె అంకెలు పిలుస్తాదనుకుంటి, ఒకటి రెండు అని. లేదు. ఆ గొట్టంలో, ఆ గొరగొరలో, “పోలయ్యా, ఒడ్డుకు రా. పోలయ్యా, గాలొస్తా ఉండాది, ఒడ్డుకు రా” అని వచ్చింది. పక్కన నిలబడి పిలిచినట్టు. నా తోడు వచ్చినవోడు తెడ్డు ఒళ్లో పెట్టుకొని తల దించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఒకటే ఆలోచన. ఇనబడలేదని చెప్తే? తోడొచ్చినవోడు నా మాట కాదనడు, వాడి కండ్లు చూస్తే తెలుస్తానే ఉండాది. ఇనబడలేదంటే మా అన్న చావు గాలివానదే అయిపోతాది, నాది కాదు. వదిన కూడా నెమ్మదిస్తాది. అయితే గొట్టం నెల్లూరుకి పోతాది. మళ్లా కార్తీకం వస్తాది, ఇంకొక ఏడుగురు ఆ చుక్కల మాదిరి నిలబడి ఉంటారు.

ఒడ్డున ఊరంతా నిలబడుండాది. పెదకాపు అడిగినాడు, “ఇనబడిందా?”

“ఇనబడింది. అన్న వల కాడికి ఇనబడింది” అన్నా.

మీ అవ్వ మైకు కింద పెట్టలేదు. “ఏం మాట ఇనబడింది?” అని అడిగింది. “చెప్పు అబ్బయ్యా. ఏం మాట?”

చెప్పినా. ఆమె పిలిచిన మాట, ఆ పేరుతో సహా, అందరి ముందర.

ఆమె ఏడవలేదు. బిడ్డను ఈ చంకనించి ఆ చంకకు మార్చుకొని, “అయితే కట్టండి దాన్ని చెట్టుకు. ఎత్తుగా కట్టండి” అనింది పెదకాపుతో. ఇంటికి పోయింది.

తర్వాత పన్నెండేండ్లు నాతో మాట్లాడలేదు. పక్కపక్క ఇండ్లు. పొద్దన్నే గంజి కుండ మా గడపలో పెట్టేది, మాట ఉండేది కాదు. మీ నాయనకు లెక్కలు నేనే చెప్పినా, వాణ్ణి పంపించేది, ఆమె వచ్చేది కాదు. గాలి కబురు వచ్చిన ప్రతిసారీ మైకు కాడికి మాత్రం తానే పోయేది. అందరి పేర్లూ పిలిచేది. ఆ చెట్టుకు గొట్టం ఉన్నన్నాళ్లూ మా ఊరి తెప్ప ఒకటి కూడా...

సరే. పొద్దు వాలతా ఉండాది, బస్సు పోతాది నీకు. రెండు రకాలూ తెచ్చి పెట్టి, పనిచ్చినాయన కుర్చీలో నువ్వు కూర్చొని ఇను, ఆయన భార్యనూ కూర్చోబెట్టు, ముసిలోళ్లుంటే వాళ్లనూ. సిగ్గు పడబాక. చేసే పని నీకు కలిసి రావాల తల్లీ. ఎవురన్నా ఒకసారే చెప్పి ఊరుకునేవోళ్లు నీ పక్కన ఉంటే, ఆ ఒకసారికే ఇను... ఆఁ, ఉంటారులే. చల్లగా ఉండు. పోయిరా. ఆ గడప ఎత్తుగా ఉండాది, చూసుకొని దిగు.