ఈగల వంటవాడి గిన్నె

ఆ పిల్ల చేతుల్నే ఎందుకంటారు మేడమ్ అందరూ? సీసాలు కలిపేసిందనీ, చీటీలు తారుమారు చేసిందనీ, పరిశోధనకే పనికిరాదనీ... నిన్న మీరూ అదే అన్నారు. వద్దండి, కూర్చోను. కూర్చుంటే ఇక చెప్పను, నా సంగతి నాకు తెలుసు.

నేనెవర్ని? మన ల్యాబులో పెంచే ఈగలకి వంటవాణ్ణి. నవ్వండి, పర్వాలేదు. మా ఆవిడ పంతొమ్మిదేళ్లుగా నవ్వుతూనే ఉంది. ఇంట్లో నీళ్లు కాచడం రాదు గానీ పండు ఈగలకి మాత్రం వేళకి వండి పెడతారని. నిజమే మరి. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు, చివర్లో బూజు పట్టకుండా చెంచాడు ఆమ్లం. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. తిన్నవాటిలో ఒక్కటీ బాగుందని చెప్పదు కదా, అందుకని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఆ పిల్ల పనేమిటి? రాగి ఒంట్లోకి ఎక్కువైతే ఈగలు ఏమవుతాయో చూడటం. నేను వండినదాంట్లో సగానికి రాగి ఉప్పు తూచి కలుపుతుంది, సగం అలాగే వదిలేస్తుంది. ఆనక సీసాని బల్లమీద తడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఈగలు గబగబా పైకి పాకాలి, రాగి తిన్నవి అడుగునే చతికిలబడాలి. రెండేళ్లు అలాగే జరిగిందిగా? మరి ఈ నాలుగు నెలలుగా రాగి కలపని సీసాల్లోవి కూడా ఎందుకు చతికిలబడ్డాయి? గుడ్లెందుకు తగ్గాయి? పాపం, మళ్లీ మళ్లీ లెక్కపెట్టి ఆ పిల్ల కళ్లు వాచిపోయాయి.

వస్తున్నానండి, అక్కడికే వస్తున్నాను.

నాలుగు నెలల కిందట స్టీలు గిన్నె మాడిపోయింది. నేనే మాడ్చాను. కిటికీ దగ్గర నిలబడి డ్రైవరుతో నా వంట గురించి గొప్పలు పోతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడుగంటలేదు అంటుండగానే వాసనొచ్చింది. మీకు చెబితే కొత్తది ఇప్పించేవారే. చెప్పడానికి నోరు రావాలిగా? మాడిందాన్ని బీరువా వెనక దాచేసి, మా ఇంట్లో అటక మీదున్న అత్తగారి గిన్నె తెచ్చాను.

అవునండి. రాగిదే. లోపలి కళాయి పూత ఎప్పుడో పోయింది.

తెలియకేం? కళాయి లేని రాగి గిన్నెలో పులుపు తగిలేది ఏదీ వండకూడదని మా అత్తగారు వందసార్లు చెప్పింది. ఈగలకి చేసేదీ ఒక వంటేనా అనుకున్నాను. గొప్పలు చెప్పుకునేటప్పుడు వంట, జాగ్రత్త పడాల్సి వచ్చేసరికి ఈగల మేత.

పోనీ, ఆలస్యంగా తెలిసిందా అంటే అదీ కాదు. మూడు వారాల కిందట చూశాను. ఆమ్లం తగిలిన మేర గిన్నె లోపలంతా తళతళా మెరుస్తోంది. రాగి కరిగి మేతలోకి దిగుతోందని అప్పుడే అర్థమైంది. మర్నాడు కూడా అందులోనే వండాను. మారిస్తే ఎందుకు మార్చావని అడుగుతారు కదా!

నిన్న ఆ పిల్ల బల్ల ఖాళీ చేసి నా దగ్గరికొచ్చింది. "ఇక్కడ నా చేతులతో సహా అన్నిటినీ అనుమానించాను బాబాయ్, మీ వంటని తప్ప" అంది. నేనేం చేశానంటారు? మురిసిపోయాను మేడమ్. సిగ్గులేని జన్మ, ముందు మురిసిపోయాను. ఆ పిల్ల మెట్లు దిగాక గానీ ఏడుపు రాలేదు.

మానేస్తానని ఆ పిల్ల రాసిచ్చిన కాగితం మీద మీరు మధ్యాహ్నం సంతకం పెడతారట. పెట్టకండి. ముందు ఆ పిల్లకి ఫోన్ చేయండి, నా సంగతి తర్వాత చూడొచ్చు.

గిన్నె ఈ సంచీలో ఉంది, పరీక్షకి పంపించండి. మొన్నటి మేత అడుగున అలాగే ఎండిపోయింది. పంతొమ్మిదేళ్లలో నేను గిన్నె తోమకుండా వదిలింది ఇదొక్కసారే.

...ఇది కూడా గొప్పగానే చెప్పాను కదూ? ఇంతే మేడమ్ నేను.