మేస్త్రి గారి చెవులకు నూటికి నూరు

(బట్టల మిల్లులో చెవి పరీక్ష గది. మధ్యలో గాజు అద్దం. ఇవతల కూర్చున్న నేత షెడ్డు మేస్త్రి అప్పుడే హెడ్‌ఫోన్ తీశాడు. అద్దం అవతల నుంచి పరీక్ష చేసే ఆమె వచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది.)

"...అన్నీ కరెక్టేగా? నాకు తెలుసు. సంతకం పెట్టేయండి డాక్టరమ్మా, అక్కడ మగ్గాలు నాకోసం చూస్తుంటాయి."

"డాక్టర్ని కాదండీ, చెవి పరీక్ష చేసేదాన్ని. కూర్చోండి మేస్త్రి గారూ. అన్నీ కరెక్టే. నేనన్న ప్రతి మాటా తిరిగి అప్పజెప్పారు."

"ఏటా అంతే. ఇంక వెళ్ళనా?"

"ఒకటి రెండు అడగాలి. పడుకున్నాక చెవుల్లో గుయ్‌మంటుందా?"

"అది ఫ్యానండీ."

"చలికాలంలోనో?"

"చలికాలంలో... పక్కింటివాళ్ళ ఫ్యాను."

"ఓహో. ఇంట్లో టీవీ సౌండు బాగా పెంచుతారా?"

"మా ఆవిడ కోసం కాస్త పెంచుతా. పాపం, దానికి వినికిడి తక్కువ."

"ఆవిడ కూడా మిల్లులోనే చేస్తారా?"

"లేదండీ, ఇంట్లోనే. వంటింట్లోంచి అస్సలు వినబడకుండా మాట్లాడుతుంది. చెవులు బాగున్న మనిషైతే అలా మాట్లాడుతుందా, మీరే చెప్పండి."

"సరే. మిల్లు ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటున్నారా?"

"వాడుతున్నాం."

"పెట్టుకుంటున్నారా అని."

"వాడుతున్నామండీ. మా ఇంట్లో బల్లకి ఒక కాలు పొట్టి. దాని కిందకి అతికినట్టు సరిపోయాయి."

"మేస్త్రి గారూ..."

"చెవులకి బిరడాలు బిగించుకుంటే మగ్గం ఎక్కడ మొరాయిస్తోందో ఎలా తెలుస్తుందమ్మా? మేస్త్రికి చెవే ఆస్తి. కొత్తగా చేరినవాళ్ళు ఒకరోజు పెట్టుకుంటారు. పసిపిల్లలు వచ్చార్రా అని మేం నవ్వుతాం. మర్నాడు వాళ్ళే తీసేస్తారు."

"మీ చెవులు తగ్గాయని నేను రాస్తే ఏమవుతుంది?"

"ఎందుకు రాస్తారు?"

"రాస్తే."

"గోదాములో స్టూలేసి కూర్చోబెడతారు. మూటల మధ్య ఇంకో మూటలాగా. నేను బిగించిన మగ్గాల దగ్గరికి నన్నే రానివ్వరు. ఆ బతుకు నాకొద్దమ్మా. అయినా ఇప్పుడా గొడవెందుకు? గేటు దగ్గర బోర్డు చూళ్ళేదా? 'మా నేత షెడ్డులో అందరి వినికిడీ భేష్' అని రాశారు."

"చూశాను. మగ్గాలకి చప్పుడు తగ్గించే తొడుగులు వేయించమంటే మేనేజరు గారు ఆ బోర్డే చూపించారు. ఇందరి చెవులు ఇంత బాగుంటే దండగ ఖర్చు దేనికన్నారు."

"నిజమే కదా మరి."

"ఆ చప్పుడులో మీరంతా ఎలా మాట్లాడుకుంటారు? అరుచుకుంటారా?"

"అరిస్తే ఎవడికి వినబడుతుంది? ఉత్త పెదాలే. ఈ చివర నేను నోరు కదిపితే ఆ చివరున్నవాళ్ళకి తెలిసిపోతుంది. చేరిన మొదటి వారమే నేర్పించేస్తా. నా దగ్గర నేర్చుకోనివాళ్ళు షెడ్డులో లేరు. మేనేజరు తన గదిలో ఫోన్లో ఎవర్ని తిడుతున్నాడో అద్దంలోంచి చూసి చెప్పేస్తాం."

"అద్దంలోంచి."

"ఆ... అంటే, ఎప్పుడైనా. సరదాకి."

"ఇందాక నేనూ అద్దానికి అవతలే కూర్చున్నాను."

"కూర్చుంటే?"

"సగం మాటలయ్యాక మైకు ఆపేశాను. గొంతు కూడా విప్పలేదు, పెదాలు కదిపానంతే. మీరు ఒక్కటీ వదల్లేదు."

"ఏటా అవే మాటలు కదమ్మా. గొడుగు, చిలక, తాళం. నిద్రలో లేపినా చెప్తాను."

"చెప్తారు. కానీ వినబడేవాళ్ళయితే మధ్యలోనే అడుగుతారు, ఏమండీ, మైకు ఆగినట్టుంది, ఏమీ వినబడటం లేదు అని. మీరు అడగలేదు."

(మేస్త్రి తల దించుకున్నాడు.)

"మేస్త్రి గారూ, తల దించుకోకండి. ఇటు చూడండి."

"చూస్తేనేగా వినబడేది."

"ఎన్నాళ్ళయింది?"

"ఏమో. ముందు పిట్టలు పోయాయి. పొద్దున్నే చెట్టు మీద చేరేవి, రావడం మానేశాయనుకున్నా. తర్వాత కుక్కరు కూత. మా ఆవిడ గొంతు ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. అలిగిందనుకుని చాలాకాలం బతిమాలాను."

"మరి మగ్గం మొరాయిస్తే ఎలా కనిపెడుతున్నారు?"

"అరచెయ్యి ఆనిస్తా. వణుకుని బట్టి తెలిసిపోతుంది."

"అయితే చెవితో పని లేకుండానే మేస్త్రి పని నడుస్తోంది. ప్లగ్గులు పెట్టుకుంటే వచ్చిన నష్టమేమిటి?"

"...ఇదేదో నన్నే ఇరికిస్తున్నారు."

"పోయింది తిరిగి రాదు, మీకు అబద్ధం చెప్పను. చెవికి మిషను పెట్టుకుంటే మాత్రం చాలావరకు వినొచ్చు. చూపు తగ్గితే కళ్ళజోడు పెట్టుకోలేదూ, అలాగే. మిగిలింది నిలబడాలంటే ఇవాళ్టి నుంచే ప్లగ్గులు వేసుకోవాలి."

"వేసుకుంటా. బల్ల ఊగినా సరే, తీసి వేసుకుంటా. కానీ రాయకండమ్మా, మీకు పుణ్యముంటుంది. రిటైరయ్యేదాకా నూటికి నూరు వేసేయండి. ఇవి నా చెవులు. పోతే నావే పోతాయి. నా వల్ల ఇంకెవరికి నష్టం?"

"మైకు ఆపి చూడాలని నాకెందుకు తోచిందో మీరు అడగలేదు."

"ఎందుకు తోచింది?"

"పొద్దున మీ షెడ్డు నుంచే ఒకమ్మాయి వచ్చింది. చేరి నాలుగేళ్ళే అయిందట. ఒక్క తప్పు లేకుండా అన్నీ చెప్పి, నవ్వుతూ వెళ్ళిపోయింది. తీరా చూసుకుంటే, నేను మైకు వేయడమే మర్చిపోయాను."

"తనైనా అడగలేదా, వినబడటం లేదని?"

"అడగలేదు."

"నాలుగేళ్ళకేనా... అయ్యో. ఎవరమ్మా ఆ పిల్ల? ఇంట్లోవాళ్ళకి నేను చెప్తాను."

"లోపలికి వస్తూనే గొప్పగా చెప్పిందండీ, మేస్త్రి గారి అమ్మాయినని."