కిటికీ అవతల నిలబడిన డాక్టరు

1961వ సంవత్సరం మార్చి ఆరవ తేదీన, పొగమంచు ఇంకా వీడని ఒక సోమవారం ఉదయం, డాక్టర్ కొమరగిరి హైమావతి గారు ఇంగ్లండులోని స్లౌ పట్టణ శివార్లలో ఉన్న మా లార్క్‌ఫోల్డ్ వృద్ధ శుశ్రూషాలయంలో వైద్యాధికారిణిగా చేరారు. ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. వారి బంధువులు కూడా చదువుకునేలా మా శుశ్రూషాలయ పత్రిక ఈ సంచికలో ఒక వ్యాసం తెలుగులో ఉండాలని నర్సుల పెద్ద అయిన మేట్రన్ మిసెస్ క్రాడాక్ కోరగా, సహవైద్యుడినైన నాకు ఆ గౌరవం దక్కింది.

రాజమండ్రిలో నిష్ఠగల కుటుంబంలో పుట్టి, నాయనమ్మ గారి మడి ఆచారాల నడుమ పెరిగి, మద్రాసులో వైద్యవిద్య ముగించిన హైమావతి గారు, చీర మీద ఉన్ని కోటు తొడుక్కుని ఇక్కడ రౌండ్స్ ప్రారంభించారు. మొదట్లో వారిని చూసి దుప్పటి ముఖం మీదికి లాక్కున్న వృద్ధులే, ఏడాది తిరక్కుండా వారు వచ్చే వేళకు తల దువ్వుకుని కూర్చోసాగారు.

1969 డిసెంబరులో, దేశదేశాలు తిరిగిన ఫ్లూ మా గడప తొక్కింది. ఆ రోజులు ఇప్పుడు కల కన్నట్టే ఉంటాయి. బయట మంచు, లోపల ఆవిరి, పై అంతస్తులోని పురుషుల వార్డులో ఆగని దగ్గులు. కింది అంతస్తులో ఇంకా జ్వరం సోకని స్త్రీలు. గాలి గట్టిగా వీస్తే రాలిపోయే పూరేకుల్లాంటి ప్రాణాలు.

"రేపటి నుంచి కింద మడి," అన్నారు హైమావతి గారు. "స్నానం చేసి, ఇక్కడ ఉతికిన బట్టలు కట్టుకున్నవాళ్ళే లోపలికి వెళ్ళాలి. పైకి వెళ్ళినవాళ్ళు కిందకి రాకూడదు."

అప్పటికి కుర్ర డాక్టరునైన నాకు రోషం వచ్చింది. "గా మాట తియ్యకుండ్రి డాక్టరమ్మా. గదే మడి పేరు చెప్పి మా నాయినను వాకిట్లనే నిలవెట్టిన్రు."

వారు నా వైపు తిరిగారు. "తెలుసు నాయనా. మా నాయనమ్మ కూడా ఎంతమందిని నిలబెట్టిందో కళ్ళారా చూశాను. అందుకే ఈసారి వాకిట్లో ఉండేది నేను. పై వార్డు నేను చూస్తాను. లోపలికి నువ్వెళ్ళు."

అలా ఆ శీతకాలమంతా వారు కింది అంతస్తులోకి అడుగు పెట్టలేదు. తోటలో మంచులో నిలబడి, కిటికీ అద్దం గుండా మాతో మాట్లాడేవారు.

అప్పుడే కింది వార్డులోని ఎలన్ టిల్‌బరీ అన్నం మానేశారు. ఆమె భర్త ఆర్థర్ పై వార్డులో ఉండేవారు. రోజూ టీ వేళకు కిందకి వచ్చి ఆమె చేయి పట్టుకుని కూర్చునేవారు. మడితో ఆ రాక ఆగిపోయింది. నేను చెంచా నోటి దాకా తెస్తే, ఎలన్ ముఖం గోడ వైపు తిప్పుకునేవారు.

"ఇట్లయితే ఆమె దక్కదు!" అని అద్దం ఇవతలి నుంచి అరిచాను.

"ఆయన్ని పంపితే మిగిలినవాళ్ళు దక్కరు," అన్నారు నా పక్కనే ఉన్న మేట్రన్.

హైమావతి గారు అద్దం మీద మంచును చేత్తో తుడిచారు. "మడిలో ఉన్నవాళ్ళు మడిలో ఉన్నవాళ్ళని ముట్టుకోవచ్చయ్యా! మా నాయనమ్మ స్నానం చేయించి, పట్టులంగా కట్టించి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఆర్థర్‌కి మడి కట్టిద్దాం."

తోట పక్కనున్న ఖాళీ గదిలోకి ఆర్థర్ ఒంటరిగా మారారు. రోజూ స్నానం, ఉతికిన బట్టలు, గుమ్మం దగ్గర పెట్టిన భోజనం. లోపల జ్వరం దాగి ఉంటే బయటపడాలి. అందాకా ఎలన్ నిలవాలి. ఉదయం, సాయంత్రం ఆయన థర్మామీటరును కిటికీ అద్దానికి ఆనిస్తే, అవతల నుంచి హైమావతి గారు కళ్ళు చిట్లించి చదివేవారు.

"పెళ్ళికి ముందు మా మామగారు కూడా నన్నింత పరీక్షించలేదు డాక్టర్!"

"ఆయన తొందరపడ్డారు. నేను పడను. నాలుక చూపించండి."

ఇటు నేను, ఆర్థర్ వస్తున్నారని చెప్పి చెప్పి, ఎలన్‌కు చెంచాడేసి పాలు పట్టేవాణ్ణి. "నిన్నా ఇలాగే చెప్పావు," అనేవారు ఆమె, కళ్ళు తెరవకుండానే.

జ్వరం రాలేదు. ఒక ఉదయం, తెల్లని పైజామాలో, స్నానపు ఆవిరి ఇంకా వదలని ఒంటితో, ఆర్థర్ ఆ పొడవైన వరండాలో తేలుతున్నట్టు నడిచి వచ్చి భార్య చేయి అందుకున్నారు. ఎలన్ చాలాసేపు ఆయన్నే చూశారు.

"తల తుడుచుకోలేదు. జలుబు చేస్తుంది, ఆర్థర్."

ఆ తరువాత గంజి అడిగారు.

పై అంతస్తులో కొందరిని మేము దక్కించుకోలేకపోయాం. వారెవరూ ఒంటరిగా పోలేదు; హైమావతి గారు పక్కనే కూర్చున్నారు. కింది అంతస్తుకు జ్వరం దిగలేదు. చలి తగ్గి తలుపులన్నీ తెరిచిన రోజున, వారు గడప దగ్గరే అలవాటుగా ఆగిపోయారు. ఎలన్ చేయి చాచారు.

"లోపలికి రండి డాక్టర్. మీరొక్కరే బయట ఉండిపోయారు."

1974లో ప్రధాన వైద్యాధికారిణి అయ్యాక, దంపతులు ఒకే గదిలో ఉండేలా ఇక్కడి ఏర్పాట్లు మార్పించింది వారే. చుట్టుపక్కల ఇతర శుశ్రూషాలయాల వారు కూడా వచ్చి ఆ పద్ధతి చూసి వెళ్ళారు.

డాక్టరమ్మా, మీ నిద్రలో ఇకపై ఏ గంటా మోగకూడదు. మీ మోకాళ్ళు మీ మాట వినాలి, మీ నాడి నిదానంగా కొట్టుకోవాలి. మీకు తోడు కావలసిన ప్రతి పూటా, ఏ తలుపూ అడ్డు లేకుండా, ఎవరో ఒకరు మీ చేయి పట్టుకుని కూర్చోవాలి. అలాంటి పూటలతో మీకు నూరేళ్ళూ నిండాలని లార్క్‌ఫోల్డ్ సిబ్బంది అందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

డాక్టర్ రామ్మోహన్