బాబాయ్ చెప్పిన పడవ సామాను

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదమ్మా. అడిగావు కాబట్టి చెబుతున్నాను," అంటూ బాబాయ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

నిజానికి టీచరమ్మ అడిగింది ఆయన్ని కాదు. పడవల యార్డు గేటు ముందు టీ కొట్టు నడిపే అక్కని అడిగింది, అదీ పడవలోకి చిన్న గ్యాస్ సిలిండర్ ఎక్కడ నింపుతారని. కానీ ఆ కొట్టు ముందు నిలబడి 'పడవ' అనే మాట ఎవరన్నా అది బాబాయ్‌నే అడిగినట్టు లెక్క. ఆయన ముప్పై ఏళ్ళు కళ్ళద్దాల షాపు నడిపాడు. ఇప్పుడది అల్లుడు చూసుకుంటున్నాడు. ఈయన మాత్రం ఓ తెల్ల టోపీ పెట్టుకుని పొద్దున్నే ఇక్కడికి వచ్చి కూర్చుంటాడు.

టీచరమ్మా, మందుల షాపు నడిపే వాళ్ళాయనా ఈ మధ్యనే ఒక పాత తెరచాప పడవ కొన్నారు. అడుగు గీకించి రంగు వేయించారు. సోమవారం బయల్దేరి తీరం వెంబడే నెల రోజులు తిరిగి రావాలని వాళ్ళ ఆలోచన. సామాను లిస్టు నాలుగు పేజీలు వచ్చింది. పడవలో చోటు మాత్రం ఒక పేజీకే ఉంది. దాని గురించి మొగుడూ పెళ్ళాలు మూడు రోజులుగా వాదించుకుంటున్నారు.

"ఏదీ, ఆ లిస్టు ఇటివ్వు," అన్నాడు బాబాయ్. "అమ్మో, నాలుగు పేజీలే! సముద్రం మీదకి వెళ్తున్నారా, ఇల్లు మారుతున్నారా? ఆరేళ్ళ కిందట నేనొక్కణ్ణే, నాకు తోడు నేనే, అదిగో ఆ దీపస్తంభం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. పెద్ద ప్రయాణమేం కాదులే, ఒక పూట పని. ఏం పట్టుకెళ్ళాను? ఒక లంగరు, దిక్సూచి, మ్యాపు, సూదీ దారం, నీళ్ళు తోడే చేతి పంపు, ఫ్లాస్కులో టీ. అంతే."

"రేడియో లేదా బాబాయ్?" అన్నాడు మందుల షాపాయన.

"రేడియో ఎందుకయ్యా, నోరుండగా! సరే విను. పొద్దున ఏడింటికి బయల్దేరానా, అరగంట తిరిగేసరికి పొగమంచు పట్టింది. మీరు చూసేదాన్ని పొగమంచు అనకండి, అది ఆవిరి. నాకు పట్టింది అసలు సరుకు. నా చెయ్యి నాకు కనపడదు. టీ తాగుదామని ఫ్లాస్కు మూత ఎత్తితే నోరెక్కడుందో తెలీక రెండుసార్లు ముక్కులో పోసుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"జలుబు వదిలిందా?" అంది టీ అక్క, పాలు కలుపుతూ.

"గాలి లేచింది! మామూలు గాలా అది? పడవ ఇలా ఒరిగి, ఒక్క దూకు దూకింది చూడు, గంటకి నలభై మైళ్ళ వేగం."

"ఇలాంటి పడవ ఆరు మైళ్ళు దాటడమే గొప్ప అని పుస్తకంలో రాశాడే," అన్నాడు మందుల షాపాయన.

"ఆ పుస్తకం రాసినవాడికి నా గాలి తగల్లేదు నాయనా, ఫ్యాను కింద కూర్చుని రాసుంటాడు. ఆ వేగానికి తెరచాప పర్రున చిరిగింది. మధ్యలో నువ్వూ నేనూ పట్టేంత కంత. అదనపు గుడ్డ ఉందా? లేదు. చుట్టూ చూశాను. ఏముంది? పొగమంచు. చేతికందినంత లాక్కున్నాను, నాలుగు మడతలు పెట్టాను, సూది తీసి అతుకు వేసేశాను."

"పొగమంచుతోనా!" అంది టీచరమ్మ.

"తడి మీదే కుట్టాలమ్మా. ఆరిందంటే బిరుసెక్కి సూది దిగదు. ఇంటికొచ్చాక మా ఆవిడ చూసి, ఈ గుడ్డ ఎక్కడ దొరికింది, కిటికీ తెరలకి బాగుంటుంది అని ఒకటే గొడవ. కాబట్టి మీ లిస్టులో ఆ అదనపు తెరచాప కొట్టెయ్యండి."

టీచరమ్మ నవ్వేసి ఊరుకుంది. భర్త మాత్రం పెన్సిల్ తీశాడు. చెప్పేదంతా నిజం కాదని ఆయనకీ తెలుసు. కానీ పొద్దున్నే ఆ అదనపు తెరచాపని పడవలో మంచం కింద దూర్చబోయి మోచెయ్యి గీరుకుపోయిన మనిషి. వంద అబద్ధాల్లో నాలుగు నిజాలైనా ఉండకపోతాయా, ఒక్కసారైనా వెళ్ళొచ్చినవాడు కదా అనుకుని దాని మీద గీత గీసేశాడు.

పెన్సిల్ కదలడం చూశాక బాబాయ్‌కి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

"ఇక లంగరు సంగతి విను. ఈ వేగం తగ్గించాలి కదా అని లంగరు వేశాను. పడవ ఆగడానికి బదులు ఇంకా జోరందుకుంది. ఏమిటా అని తాడు పట్టుకుని చూస్తే, లంగరు ఒక తిమింగలం దవడకి తగులుకుంది! అది పాపం బెదిరిపోయి పరుగో పరుగు. నేను టేబుల్ మీద మ్యాపు పరుచుకుని, ఇక్కడున్నాం, ఇక్కడున్నాం అని గీసుకుంటూ పోతున్నాను. చివరికి మ్యాపు అంచు వచ్చేసింది. కాగితం అయిపోయింది. ఏం చెయ్యను? మిగతా దారంతా టేబుల్ చెక్క మీదే గీసుకున్నాను. అదీ నిండిపోయాక గోడ మీద గీశాను."

"ఆ తర్వాత లంగరు ఊడిందా?" అన్నాడు మందుల షాపాయన.

"ఊడటమేమిటి, నేనే వంగి తీశాను. గాయానికి మందు కూడా రాశాను. నీ షాపులో కొన్నదే, ఆ పసుపుపచ్చ ట్యూబు. బాగా పనిచేసింది, ఈసారి వెళ్తే దాని చెల్లెలికీ కావాలంది. అయితే ఈ గోలలో పడవలోకి మోకాళ్ళ లోతు నీళ్ళు వచ్చేశాయి. పంపు తీశాను. కొట్టాను, కొట్టాను, గంటసేపు కొట్టాను. నీళ్ళు తగ్గుతున్నట్టే ఉంది కానీ పడవ ఎందుకో కిందకి దిగుతోంది. దిగి దిగి డబ్బుమని కూర్చుంది. తొంగి చూద్దును కదా, చుట్టూ బురద. చేపలు పక్కకి పడుకుని నన్నే గుడ్లప్పగించి చూస్తున్నాయి. అప్పుడు అర్థమైంది, పంపు గొట్టం పడవలో కాకుండా బయట వేశాను. సముద్రాన్ని తోడేశాను!"

టీ అక్క గరిటె పట్టుకునే నవ్వింది. "తోడి ఎక్కడ పోశావు బాబాయ్?"

"అవతలకి. ఏ మాటకామాట, సందు దొరికింది కదా అని కిందకి దిగి, పడవ అడుగు శుభ్రంగా గీకాను. మీరు అంత ఖర్చుపెట్టి యార్డులో గీకించారే, అది నేను నడి సముద్రంలో నడుచుకుంటూ చేసుకున్నాను. తర్వాత గొట్టం తిరగేసి మళ్ళీ పంపు కొట్టి, ఎక్కడి నీళ్ళు అక్కడ నింపి పెట్టాను. ఊరందరిదీ కదా సముద్రం, అలా వదిలేసి వస్తే బాగుంటుందా?"

"ఉప్పు సరిగ్గా పడిందా?"

"ఒక పిసరు తగ్గింది. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది వింటే మీకు ఒళ్ళు జలదరిస్తుంది. అన్ని వేల మైళ్ళు వెళ్ళాక, ఆ మంచులోంచి కుక్క మొరిగింది. ఉల్లిపాయలు వేగుతున్న వాసన. నేల! ఏ మ్యాపులోనూ లేని దేశం! చెవి పెట్టి విన్నాను కదా, ఒక ఆడమనిషి గొంతు, 'అయ్యో, పాలు పొంగిపోతున్నాయి, మంట తగ్గించండి!' అంటోంది. మన భాష! భూమి అంచున కూడా మన భాషే మాట్లాడుతున్నారమ్మా!"

టీ అక్క నవ్వు ఆపి బాబాయ్ వంక అదోలా చూసింది. ఆయన చూసుకోలేదు.

"వాళ్ళ రాజు నన్ను ఓడలన్నిటికీ పెద్దగా ఉండిపొమ్మన్నాడు. గడ్డం పుచ్చుకుని బతిమాలాడు. కుదరదండీ, రేపు షాపు తెరవాలి అన్నాను. దిక్సూచి ఒక్కసారి చూసుకుని, కళ్ళు మూసుకుని చుక్కాని తిప్పాను. మంచు విడిపోయేసరికి ఎక్కడున్నాను? సరిగ్గా మన జెట్టీ ముందు! బయల్దేరిన చోటుకే, ఒక్క గజం అటూ ఇటూ లేదు. గురి అంటే అదీ."

మందుల షాపాయన లిస్టు మూడో పేజీ తిప్పాడు. "అది సరే కానీ బాబాయ్, ఒక్క విషయం నిజంగా చెప్పండి. ఈ లైఫ్ జాకెట్లు మరీ లావుగా ఉన్నాయి. రెండూ కలిపి సగం అలమరా తినేస్తున్నాయి. మీరు వేసుకున్నారా?"

"నేనా?" బాబాయ్ టోపీ సర్దుకున్నాడు. "ఛ ఛ! అవి వేసుకుంటే మన మీద మనకే నమ్మకం లేదని సముద్రానికి చెప్పినట్టు. కొట్టెయ్."

"ఉండనివ్వండి అవి," అంది టీచరమ్మ.

"తీరం వెంబడే కదా పోయేది. ఈత ఇద్దరికీ వచ్చు. వెళ్ళొచ్చినాయన చెబుతున్నాడు," అని ఆయన లైఫ్ జాకెట్ల మీద గీత గీశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

మూల బెంచీ మీద కూర్చుని టీలో బన్ను ముంచుకుంటున్న జెట్టీ కాపలాదారు ఆ గీత చూశాడు. ముసలాయన, ఎవరి జోలికీ పోని మనిషి. సముద్రం తోడేసినప్పుడు కూడా తలెత్తలేదు. ఇప్పుడు బన్ను గ్లాసు మీద పెట్టి లేచి వచ్చాడు.

"బాబాయ్ గారూ, క్షమించాలి. ఆరేళ్ళు నోరు కట్టేసుకున్నాను. తిమింగలం, రాజుగారు, అవి మీ ఇష్టం. ఈ గీత చూసి మాత్రం ఊరుకోలేను."

"ఇప్పుడు అదంతా ఎందుకు..." అన్నాడు బాబాయ్. గొంతు సగానికి తగ్గింది.

ముసలాయన టీచరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ రోజు ఈయన పడవ ముందు తాడు విప్పారు. జెట్టీకి కట్టిన వెనక తాడు విప్పడం మర్చిపోయారు. ముప్పై గజాల తాడు. దాని చివరిదాకా వెళ్ళి ఆగారు, అంతలో మంచు కమ్మేసింది. మధ్యాహ్నం దాకా అక్కడక్కడే తిరిగారు. కుడికి తిప్పు, ఎడమకి తిప్పు అని కేకలు వినపడుతుంటే ఎవరో నేర్చుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. మంచు విడిపోయాక చూస్తే ఈయన. నేనే తాడు పట్టుకుని లాగాను."

"అయితే ఆ పాలు పొంగిపోయింది నా పొయ్యి మీదేనా!" అంది టీ అక్క.

టీచరమ్మ మెల్లిగా అడిగింది: "లాగేటప్పటికి ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉందా?"

"ఒకటి కాదమ్మా, రెండు. ఒకదాని మీద ఒకటి. గట్టు ఎక్కాక విప్పమంటే వినలేదు. అలాగే ఇంటికి నడిచి వెళ్ళారు."

బాబాయ్ టోపీ తీసి దాని లోపలికి చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఏమీ కనపడలేదమ్మా," అన్నాడు. "చుట్టూ ఏమీ కనపడకపోతే ముప్పై గజాలని ఎవరికి తెలుస్తుంది? నీళ్ళు తగులుతున్న చప్పుడొక్కటే. మా అమ్మాయికి షాపు తాళాలు ఎక్కడ పెట్టానో చెప్పలేదే అనుకుంటూ కూర్చున్నాను."

మందుల షాపాయన పెన్సిల్ మళ్ళీ తీశాడు. కొట్టేసిన గీత పక్కన 'లైఫ్ జాకెట్లు – రెండు' అని మళ్ళీ రాశాడు. ఒక్క క్షణం ఆలోచించి రెండుని నాలుగు చేశాడు. టీ అక్క బాబాయ్ గ్లాసు తీసి వేడి టీ పోసి ముందు పెట్టింది.

రెండు గుక్కలు పడ్డాక బాబాయ్ టోపీ మళ్ళీ తలకెక్కింది.

"అది సరేగానీ, ఆ తాడు చూశారా? తిమింగలం అంత జోరుగా లాగినా తెగలేదు! అలాంటి తాడు ఇప్పుడు దొరకదు. రాసుకో అమ్మాయ్, ముప్పై గజాల తాడు, వెనక వైపుకి."

"రాశాను బాబాయ్," అంది టీచరమ్మ, భర్త దగ్గర్నించి తీసుకున్న లిస్టు ఆయన వైపు తిప్పి చూపిస్తూ. "పక్కనే 'విప్పాలి' అని కూడా రాసుకున్నాను."