కాసులమ్మ అమ్ముకున్న మాట

కాసులమ్మకి మొగుడు తెప్ప ఎక్కిన ప్రతిసారీ గుండె నీరయిపోయేదంట. తెప్ప అంటే తెలుసుగా, దుంగల్ని పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించి కట్టేది. ఆ దుంగలా, నాని నాని మెత్తబడిపోయాయి. తాళ్ళా, పీచులు లేచిపోయాయి. "మావా, ఇది తెప్ప కాదు, పాడె" అనేదంట. మొగుడి పేరు కొర్లయ్య, ఎప్పుడూ నవ్వే మనిషి. "పాడె అయితే నలుగురు మోస్తారే, దీన్ని నేనొక్కణ్ణే మోసుకోవాల" అనేసి వెళ్ళిపోయేవాడంట. ఆవిడ అటు చూసీ చూసీ చీపురు పట్టుకుని ఉప్పుదొర బంగళాకి పనికి పోయేది. ఉప్పుదొర అంటే ఉప్పుమడుల మీద అధికారం చేసే తెల్లదొర. ఆ బంగళా ముందర, దొర షికారుకని తెప్పించుకున్న పడవొకటి బోర్లా పడి ఉండేదనుకోండి. కొత్తది, గట్టిది. దొరకి నీళ్ళంటే కళ్ళు తిరుగుతాయి, ఎక్కనే ఎక్కడు. దాని నీడన కుక్క పడుకునేది. ఆ కుక్కని చూస్తే కాసులమ్మకి కడుపు రగిలిపోయేదంట.

ఏమైందంటే, ఆ దొరసానికి పొద్దుపోదు. ఆవిడ దగ్గరొక ఆట ఉంది. చెక్కబిళ్ళల మీద ఇంగ్లీషు అక్షరాలుంటాయి, చేతికొచ్చిన బిళ్ళలతో మాట పేర్చాలి. ఆడడానికి తోడు లేక కాసులమ్మకే అక్షరాలు నేర్పి కూర్చోబెట్టిందంట. ఒకరోజు కాసులమ్మ ధైర్యం చేసి పడవ సంగతి ఎత్తింది. దొరసాని పకపకా నవ్వింది. "కాసులమ్మా, నన్ను ఈ ఆటలో గెలువు. పడవ నీది" అంది. గెలవడం అంటే ఊరికేనా? పిల్లి, కుక్క, అన్నం, నీళ్ళు, ఇలాంటి మాటలే ఈవిడకి తెలిసినవి. దొరసాని చూస్తే ఎక్కడెక్కడి మాటలో తెచ్చి పేర్చేది. పైగా వేసిన మాటకి అర్థం చెప్పాలి, చెప్పకపోతే బిళ్ళలు వెనక్కి. అది మంచి పద్ధతే, నేను కాదనను. అర్థం తెలియని మాట చిల్లుకుండ. కానీ పాపం, కాసులమ్మ ఓడుతూనే ఉంది, కొర్లయ్య అదే తెప్ప మీద పోతూనే ఉన్నాడు.

ఒకనాడు ఆట మధ్యలో దొరసాని భోజనానికి లేచింది. కాసులమ్మ పెరట్లోకొచ్చి ఏడుస్తోంది. అప్పుడొచ్చాడంట మాటల మూటవాడు. ఏ ఊరివాడో, ఏ కులంవాడో, భుజాన ఇంత మూట. "ఏటమ్మా, చేతిలో ఏ అక్షరాలు చిక్కుకున్నాయి?" అన్నాడు. చెప్పింది. "దానికి నా దగ్గర మాటుంది, అర్థంతో సహా ఇస్తాను. బదులుగా నీ మాటొకటి ఇయ్యాల. ఇచ్చిన మాట మరి నీ నోట రాదు" అన్నాడు. కాసులమ్మ తెలివితక్కువదేం కాదు. 'ఏనుగు' ఇచ్చేసిందంట. సముద్రపొడ్డున ఏనుగుతో ఏం పని? వాడు 'జాక్స్' ఇచ్చాడు. జాక్స్ అంటే ఇంటికప్పు మీద వేసే రాతిపలకల్ని కొట్టే పనిముట్టు. ఆ పూట కొంచెంలో ఓడింది. ఇంకోసారి 'వజ్రం' ఇచ్చి 'ఓర్ట్' తెచ్చుకుంది. ఓర్ట్ అంటే తిన్నాక కంచంలో మిగిలే ఎంగిలి మెతుకు. దొరసాని కళ్ళు పెద్దవి చేసింది గానీ గెలుపు మళ్ళీ దొరసానిదే. తర్వాత ఊళ్ళోకి ఎవరో ఏనుగుని తోలుకొస్తే, కాసులమ్మ "అదిగో, తోకలాంటి ముక్కున్న గేదె" అందంట. ఊరు ఊరంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. పోయినవి పనికిరాని మాటలే కదా!

ఆఖరి ఆట వచ్చింది. గెలుపు అందేంత దూరంలో ఉంది. చేతిలో చూస్తే ఒక్క అచ్చూ లేదు, ఎటూ పనికిరాని బిళ్ళలు. పెరట్లోకి పరిగెత్తింది. వాడున్నాడు. "దీనికి పెద్ద మాటే ఉంది గానీ తల్లీ, ఏనుగులూ వజ్రాలూ చాలవు. నీ సొంతమైంది ఇయ్యాల" అన్నాడంట. కాసులమ్మ ఆలోచించింది. ఆలోచిస్తే ఆవిడకి ఒకటి తట్టింది. ఆ ఊళ్ళో ఆడది మొగుడి పేరు నోటితో అనకూడదు. మావా అంటారు, ఇదిగో అంటారు, పేరు ఎత్తరు. సొంతమైందీ, నోట రానిదీ అంటే అదే కదా! "మా మావ పేరు తీసుకో. నేనెప్పుడన్నాను గనక?" అంది. వాడు ఇంకోసారి అడిగాడు, "మరి నీ ఇష్టమేనా?" "పడవొస్తాది, నాకదే చాలు" అంది. వాడు 'సిజిజీ' ఇచ్చి వెళ్ళిపోయాడు. సిజిజీ అంటే సూర్యుడూ చంద్రుడూ భూమీ ఒకే వరసలోకి రావడం. అమావాస్యకీ పున్నానికీ అదే జరుగుతుంది, సముద్రం పోటెత్తేది అందుకే. దొరసాని అర్థం వింది, తల పట్టుకుంది, పడవ ఇచ్చేసింది.

ఇప్పుడు మీకొకటి చెప్పాలి. ఆ ఊళ్ళో ఆడది మొగుడి పేరు అనవలసిన వేళ ఒక్కటే ఉంది, పొగమంచు పట్టిన వేళ. ఒడ్డు కనపడదు కదా, ఎవరి పెళ్ళాం వాళ్ళ మొగుణ్ణి పేరుపెట్టి కేకెయ్యాలి. మావా అంటే ఎవడు తిరుగుతాడు? అందరూ మావలే. మంచులో మగవాణ్ణి దారి తప్పించడానికి సముద్రమూ పిలుస్తుందంట, మునిగి చచ్చినవాళ్ళూ పిలుస్తారంట. సముద్రానికి మన గొంతులు వచ్చు, పేర్లు రావంట. మునిగి చచ్చినవాళ్ళకి పేర్లు తెలుసు, మన గొంతులు రావంట. అందుకని పెళ్ళాం గొంతూ తన పేరూ రెండూ కలిసి వినపడితేనే మగవాడు పడవ అటు ఒడ్డుకి తిప్పాలి. కాసులమ్మకి ఇది తెలీదా అంటే తెలుసు. కానీ మంచు పట్టి ఏళ్ళయిపోయింది. కడుపు నిండిన పూట కరువు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

కొత్త పడవ కదా, కొర్లయ్య ఎన్నడూ వెళ్ళనంత లోపలికి వెళ్ళాడు. తెల్లారేసరికి మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదంట. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒడ్డున నిలబడి కేకలు. ఒక్కో పడవా ఇసక మీదికి వస్తోంది. కాసులమ్మ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. పక్కనున్న తోడికోడలు గవరమ్మ, "కేకెయ్యవేటే! సిగ్గుపడతన్నావా ఇప్పుడు?" అంది. "పేరు రావట్లేదక్కా." "రాకపోడమేటి? కొర్లయ్య అను!" "ఏదీ, మళ్ళీ అను." "కొర్లయ్యే! కొర్లయ్య!" చెవిలో పడుతోంది, నాలిక మీదికొచ్చేసరికి లేదు. గుండెలు బాదుకుంటూ గట్టిగా అరిచింది. ఏమొచ్చిందంటే, "సిజిజీ!" అని వచ్చింది. మళ్ళీ అరిచింది, "ఓర్ట్! జాక్స్!" గవరమ్మ తానే "కొర్లయ్యా!" అని కేకేసింది. ఊరంతా కేకేసింది.

దగ్గరలోనే తెడ్డు చప్పుడు వినపడిందంట. అంత దగ్గర. లోపల్నించి కొర్లయ్య గొంతు, "ఓలమ్మో, ఇది సముద్రమే! నా ఆడదాని గొంతు పెట్టుకుని ఏదో బాస కూస్తంది!" అని. పేరేమో పరాయి గొంతుల్లో వినపడుతోంది, అంటే చచ్చినవాళ్ళు. పెద్దలు చెప్పిన ప్రకారమే చేశాడు పాపం, తప్పేం చెయ్యలేదు. తెడ్డు చప్పుడు వెనక్కి, సముద్రం లోపలికి తిరిగింది. మంచి పడవ, గట్టి పడవ, చకచకా దూరమైపోయింది.

మంచు విడిచింది. సముద్రం ఖాళీ. కాసులమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఎవరైనా మీ ఆయన పేరేమిటని అడిగితే నోరు తెరిచి, మూసుకునేదంట. అప్పట్నించి ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మొగుణ్ణి పొద్దస్తమానం పేరుపెట్టే పిలుస్తారు. కూటికి పిలిచినా పేరే, తిట్టినా పేరే. పైఊరివాళ్ళు విని, ఛీ, మర్యాద తెలీని జాతి అంటారు. అననీండి. వాళ్ళ ఊళ్ళో మంచు పట్టదు కాబోలు.